రెండు సంచుల ఊపిరి

మొదటి సంచీ నిండింది. వెండిరంగు పూత వేసిన ఆ చిన్న సంచీలోకి తన ఊపిరి చేరి పూరీలా పొంగుతుంటే, డెబ్బై ఒక్క ఏళ్ళుగా కంటికి కనబడకుండా తనలోంచి వెళ్ళిపోతున్నదానికి కూడా ఒక ఆకారం ఉంటుందన్న సంగతి వర్ధనమ్మకు ఈ పూటే తెలిసినట్టయింది. రోజారమణి సంచీ మూతికి బిరడా బిగించి, దాని మీద పేరూ, వయసూ, తొమ్మిదీ యాభై అని వేళా రాసి, గ్లాసుడు నీళ్ళలో తెల్లని పొడి కలిపి చేతికందించింది. "గటగటా తాగీండమ్మగారూ. ఇంక అరగంట ఈ కుర్చీలోంచి లేవకూడదండి. మంచినీళ్ళు కూడా ముట్టుకోకూడదు. పదీ ఇరవైకి రెండో సంచీ ఊదిస్తాను. రెండూ కలిపి పన్నెండు గంటల బస్సుకి వైజాగ్ పంపించేస్తాం" అంది. పన్నెండు గంటల బస్సు అన్న మాట చెవిలో ముల్లులా దిగింది. వకీలు దత్తు వెళ్ళేది కూడా ఆ బస్సుకే. అతని చేతిసంచీలో తను నిన్న సాయంకాలం సంతకం చేసిన ప్రమాణపత్రం ఉంది. అది వినియోగదారుల కమిషన్లో దాఖలు కావాలి. ఈ పరీక్షా కేంద్రం మీద, అందులోనూ పేరు పెట్టి ఈ రోజారమణి మీద. గడువు తీరడానికి ఇంకా నాలుగు రోజులే ఉంది. తన ఊపిరీ తన ప్రమాణమూ ఒకే బస్సులో పక్కపక్కన కూర్చుని వెళ్ళబోతున్నాయి. ప్రమాణం ఆగాలంటే తను నోరు తెరిచి చెప్పాలి. సాగాలంటే ఏమీ చేయనక్కర్లేదు, ఊరికే కూర్చుంటే చాలు.

పది నిమిషాల కిందటి వరకు దాన్ని ఆపాలన్న ఊహే లేదు. కడుపులో మంటకు డాక్టరు ఈ పరీక్ష రాసినప్పుడు, వైజాగ్ వెళ్ళి చేయించుకోవచ్చు కదా అని దత్తు అన్నాడు. ఎవరి మీద కేసు వేస్తున్నామో వాళ్ళ గుమ్మమే తొక్కడం ఎందుకని అతని అభ్యంతరం. ఆవిడ మాత్రం పట్టుబట్టి ఇక్కడికే వచ్చింది. ముప్పై మూడేళ్ళు కోర్టులో బెంచి క్లర్కుగా సాక్షుల చేత ప్రమాణం చేయించిన మనిషి, కళ్ళతో చూసిన సాక్ష్యానికున్న బరువు తెలిసిన మనిషి. ఆ పిల్ల ఈ రోజుకీ అడగదు, అడగకుండానే సంచీ చేతిలో పెడుతుంది, ఆ మాట రేపు బోనులో నిలబడి తను చెప్పాలి. ప్రమాణపత్రంలో నాలుగో పేరా దత్తు రాసింది కాదు, ఆవిడ సొంత వాక్యం: 'పరీక్షకు ముందు సదరు ఉద్యోగిని నా భర్తను ఏ మందులు వాడుచున్నారని అడిగి యుండలేదు.' కేసంతా ఆ ఒక్క వాక్యం మీదే నిలబడి ఉంది. నష్టపరిహారం కాలమ్‌లో ఏమీ వద్దని రాయించింది; ఆ పిల్ల ఆ కుర్చీలో ఉండకూడదు, అంతే. తీరా ఈ వేళ రోజారమణి ఫారం మీంచి తల ఎత్తకుండా, కలం కొన కాగితానికి ఆనించి, "మందులేమైనా వాడుతున్నారాండి?" అని అడిగింది. అడిగింది అన్నది ఒక దెబ్బ. ఆ చివరి 'రాండి' దగ్గర గొంతు కొంచెం సాగి, ఊయల వెనక్కి వెళ్ళినట్టు వెళ్ళి ఆగింది. ఆ సాగడం తను ఇదివరకు విన్నది. ఈ గదిలోనే విన్నది. అప్పుడు తను ఈ కుర్చీలో లేదు, పక్క కుర్చీలో ఉంది. ఇది రెండో దెబ్బ, అది ఇంకా పూర్తిగా తగలలేదు, చేయి ఎత్తి అలా ఆగి ఉంది. "గ్యాస్ బిళ్ళ వేసుకునేదాన్ని. ఆపి పద్నాలుగు రోజులైంది" అని జవాబైతే చెప్పింది. "అయితే సరేనండి, రెండు వారాలైంది కదా" అని రోజారమణి ఏదో గీత గీసుకుంది.

పద్నాలుగు రోజులు. ఆ మాట అనడం ఎంత తేలిక. ఆ బిళ్ళ ఆపిన మూడో నాటి నుంచి కడుపు తన మీద తనే పగబట్టినట్టు కాలడం మొదలుపెట్టింది. అన్నాళ్ళూ అణిగి ఉన్న పులుపంతా ఒక్కసారి తిరగబడుతుందని డాక్టరు ముందే చెప్పాడు. రొమ్ము కింద నిప్పుకణిక ఒకటి నిదానంగా దొర్లుతున్నట్టు. కాని ఆ మంటలో ఆవిడకు ఒక చిత్రమైన తోడు దొరికింది. ఇదేనా ఆయన పడ్డది, ఇలాగేనా, ఇక్కడేనా అని చెయ్యి అక్కడ ఆనించుకునేది. బతికి ఉన్నప్పుడు ఆయన నొప్పి ఆయనదే. అరుగు మీద పేపరు పట్టుకుని కొంచెం ముందుకు వంగి కూర్చునేవారు, "ఏమిటండీ" అంటే "ఏమీ లేదు వర్ధనం, లోపల సార్టింగ్ జరుగుతోంది" అనేవారు. సూర్యనారాయణమూర్తి, సబ్ పోస్టుమాస్టరు, రిటైరై పద్దెనిమిదేళ్ళైనా ఆయన మాటల్లోంచి పోస్టాఫీసు రిటైరు కాలేదు. పొద్దున్నే పళ్ళు తోముకోగానే చొక్కా జేబులోంచి పసుపుపచ్చ బిళ్ళ తీసి, రేకు చిటుక్కుమనిపించి, నాలిక మీద వేసుకుని, "ఇదీ నా సుప్రభాతం" అనేవారు. ఎప్పుడో మోకాలి నొప్పికి మందులు రాస్తూ కడుపు పాడవకుండా పది రోజులు వేసుకోమని ఒక డాక్టరు రాసిన బిళ్ళ అది. మోకాలి మందులు పది రోజులకు ఆగిపోయాయి. ఆ బిళ్ళ పదకొండేళ్ళు నడిచింది. వేసుకోమన్నవాళ్ళున్నారు గాని మానుకోమన్నవాళ్ళు లేరు. చీటీ అక్కర్లేదు. కింద మందుల షాపులో చెయ్యి చాపితే ఇస్తారు. ఈ ఊళ్ళో ఎవరింట్లో చూసినా ఉప్పు డబ్బా పక్కన ఆ బిళ్ళల అట్ట ఉంటుంది.

ఆ తరవాత కాఫీ. కాఫీ సగం ఆయనది, సగం తనది. పెళ్ళైన కొత్తలో ఆయన సగం తాగి గ్లాసు ముందుకు జరిపితే, వైజాగ్ కాన్వెంటులో పన్నెండేళ్ళు చదివి, ఒకరి గ్లాసు ఒకరు ముట్టుకుంటే చేతి మీద స్కేలు దెబ్బ తిన్న పిల్ల, ఒళ్ళు గగుర్పొడిచి లేచి వెళ్ళిపోయింది. ఆయన ఏమీ అనలేదు. మర్నాడు మళ్ళీ సగం తాగి మళ్ళీ జరిపారు. ఆ మర్నాడు మళ్ళీ. డెలివరీ కాని ఉత్తరాన్ని మూడుసార్లు పట్టుకెళ్ళాలి, ఆ తరవాతే తిరుగుటపాలో వేయాలి, అది మా డిపార్టుమెంటు రూలు అన్నారు. మూడో నాడు తాగింది. ఆ తరవాత నలభై ఎనిమిదేళ్ళు తాగింది. అందులో ఆయన మీసం వాసన ఉండేది, కొంచెం పొడుం వాసన, చివర చివర ఆ బిళ్ళ చేదు కూడా ఉండేదేమో. ఇప్పుడు గ్లాసు నిండా కాఫీ కలుపుకుంటే అది ఎందుకో కాఫీలా తోచదు. ఎవరూ ముట్టనిది, ఎవరూ చల్లార్చనిది, నోరు కాలుతుంది.

కిటికీ బయట చింతపల్లి బస్సు హారను కొట్టింది. కింద ఎవడో ఆటోవాడు మాకవరపాలెం, మాకవరపాలెం అని ఒకే శ్రుతిలో పాడుతున్నాడు. గోడ గడియారంలో పది కావడానికి రెండు నిమిషాలుంది. కడుపులో ఆ తెల్లని పొడి ఏం చేస్తూ ఉంటుందో ఇప్పుడు. వైజాగ్‌లో ఆయన్ని చేర్చిన ఆస్పత్రి డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చెప్పింది, ఐసీయూ బయట, చేతిలో ఉన్న మందుల చీటీ వెనకాల. లోపల ఆ వంకర క్రిమి ఉంటే ఈ పొడిని విరగ్గొడుతుంది, విరిగిన ముక్క రక్తంలో కలిసి ఊపిరిలోకి వస్తుంది, రెండో సంచీలో పట్టుబడుతుంది. కాన్వెంటులో సైన్సు చెప్పిన సిస్టరు, కడుపులో ఆమ్లం దేవుడు పెట్టిన కాపలావాడనీ, వాణ్ణి దాటి ఏ ప్రాణీ అక్కడ బతకదనీ రాయించింది; తను గుండ్రటి అక్షరాలతో రాసి నూటికి తొంభై తెచ్చుకుంది. సిస్టరుది తప్పు కాదు, లోకానికే తెలియని రోజులు. ఆ క్రిమికి మాత్రం తెలుసు. తన చుట్టూ ఇంత అమ్మోనియా చేసుకుని, పొయ్యి మధ్యలో తడిగుడ్డ కప్పుకున్నట్టు కూర్చుంటుందట. ఏళ్ళ తరబడి కూర్చుని కింద గోడను పుండు చేస్తుందట. మరి గ్యాస్ బిళ్ళ వేసుకుంటే? డాక్టరమ్మ అప్పుడు కలం ఆపి తన మొహంలోకి చూసింది. బిళ్ళ దాన్ని చంపదండీ, సర్దుకునేలా చేస్తుంది. ఆమ్లం తగ్గిన చోట దాని సంఖ్య పడిపోతుంది, కొంత పై భాగానికి చేరుతుంది, సద్దు చేయకుండా ఉంటుంది. అప్పుడు పరీక్ష చేస్తే లేదనే వస్తుంది. కాపలావాడు పడుకున్నాడు కదా అని నోట్లోంచి వేరే క్రిములు కూడా దిగి కాపురం పెడతాయి. అందుకే రెండు వారాల ముందు బిళ్ళ ఆపించి గాని పరీక్ష చేయకూడదు. మీవారికి ఆపించలేదా? ఎవరూ అడగలేదా?

ఎవరూ అడగలేదా. ఆ ప్రశ్నకు తను అప్పుడు ఏం చెప్పింది? లేదండీ, ఎవరూ అడగలేదు అంది. అంతకు మూడు నెలల ముందు ఈ గదిలోనే ఆయన ఊదిన రెండు సంచులూ వైజాగ్ వెళ్ళి, క్రిమి లేదని కాగితమై తిరిగివచ్చాయి. "ఇల్లు ఖాళీయేనట వర్ధనం, టులెట్ బోర్డు పెట్టుకోవచ్చు" అని నవ్వారు. క్రిమి లేదన్నారు కనక దాన్ని చంపే మందులూ లేవు; ఆ పచ్చ బిళ్ళే రెండు పూటలా వేసుకోమన్నారు. ఉందని తెలిసి ఉంటే పద్నాలుగు రోజులు, అదే పచ్చ బిళ్ళకు తోడు మరో రెండు మందులు వేసుకుంటే తీరిపోయేది. ఒంటరిగా వేసుకుంటే దాన్ని దాచే బిళ్ళ, తోడు ఉంటే దాన్ని పట్టిస్తుంది. మూడు నెలలకు ఒక ఉదయం ఆయన పెరట్లోంచి వస్తూ గోడ పట్టుకున్నారు. విరేచనం తారులా నల్లగా పోయిందన్నారు, అదీ సిగ్గుపడుతూ. వైజాగ్ తీసుకెళ్తుంటే అనకాపల్లి దాటేసరికి చేతులు చల్లబడ్డాయి. కడుపులో పుండు నుంచి రక్తం పోతోందన్నారు. ఐసీయూలో మూడు రోజులు. పై భాగం నుంచి ముక్క తీసి చూస్తే క్రిమి ఉంది. ఉంది అని డాక్టరమ్మ చెప్పడానికి వచ్చేసరికి వినవలసిన మనిషి లేరు.

అక్కడి నుంచి తను చెప్పడం మొదలుపెట్టింది. పన్నెండో రోజు వచ్చినవాళ్ళకు చెప్పింది, పాలవాడికి చెప్పింది, కోర్టు పాత మిత్రులకు చెప్పింది: ఆ పిల్ల ఒక్క మాట అడిగి ఉంటేనా. చెప్పిన కొద్దీ ఆ గది ఖాళీ అవుతూ వచ్చింది, ప్రశ్న లేని గది అయింది, రోజారమణి మూగదైంది. ముప్పై మూడేళ్ళలో ఇలాంటి సాక్షులను ఎంతమందిని చూడలేదు. డబ్బు తీసుకుని అబద్ధం చెప్పేవాడు ప్రమాణం చేసేటప్పుడు గొంతు తడబడతాడు. పదిసార్లు చెప్పి చెప్పి తనే నమ్మినవాడు తడబడడు, వాడి గొంతు గంటలా మోగుతుంది. నిన్న సంతకం పెడుతున్నప్పుడు దత్తు, "మీ చెయ్యి ఈ వయసులో కూడా వణకదండీ" అని మెచ్చుకున్నాడు. ఎందుకు వణుకుతుంది? రెండేళ్ళుగా సాయంకాలం దీపం పెట్టగానే ఆ ఫైలు తెరిచి కూర్చోవడం తన సంధ్యావందనం. పరీక్ష రిపోర్టు, ఆస్పత్రి కాగితాలు, తేదీల జాబితా, ప్రతి పేజీ మీదా ఆయన పేరు. కీర్తిశేషులు అని రాయవలసిన ప్రతిచోటా ఒక్క క్షణం కలం ఆగేది, ఆ ఆగిన క్షణంలో ఆయన ఇంకా ఏ శేషమూ కాకుండా వసారాలో దగ్గేవారు. కేసు నడిచినన్నాళ్ళూ ఆయన మీద పిలుపులు ఉంటాయి, వాయిదాలు ఉంటాయి, బంట్రోతు ఆ పేరు మూడుసార్లు గట్టిగా కేక వేస్తాడు. మనిషి పోయాక ఆ పేరును గట్టిగా పిలిచే చోటు ఇంకెక్కడుంది. ఇంట్లో తను భర్త పేరు ఎన్నడూ పెట్టి పిలవలేదు. ఇప్పుడు పిలవాలని ఉంటే గోడలకు సిగ్గుపడాలి.

చేయి దిగింది. ఎత్తి ఆగిన ఆ రెండో దెబ్బ, ఇప్పుడు, పదీ ఐదుకి, ఏ తొందరా లేకుండా దిగింది. ఇదే గది, ఇవే నీలం కుర్చీలు. ఆయన గంధం రంగు పొట్టిచేతుల చొక్కా వేసుకున్నారు, ఇస్త్రీ మడత మీద చెమట. "మందులేమైనా వాడుతున్నారాండి?" ఊయల వెనక్కి వెళ్ళి ఆగింది. ఆయన చెయ్యి జేబు వైపు వెళ్ళింది. రెండు వేళ్ళతో రేకు అంచు బయటికి లాగారు, పచ్చ బిళ్ళల అంచు, వెలుతురు పడి తళుక్కుమంది. "అదేనమ్మా, పొద్దున్నే ఒకటి..." అన్నారు. అప్పుడు తను, ఆయన తరఫున ఎప్పుడూ తనే మాట్లాడే తను, ఆయన వాక్యాలను ఎప్పుడూ తనే పూర్తిచేసే తను, "అది మందేమిటండీ, గ్యాస్ బిళ్ళ" అని, ఆ పిల్ల వైపు తిరిగి, "ఏ మందులూ లేవమ్మా. ఈయనకి బీపీ లేదు, షుగరు లేదు, డెబ్బై ఎనిమిదేళ్ళు" అంది. ఎంత గర్వంగా అంది. సొంత తోటలో కాసిన పనసపండు చూపించినట్టు అంది. ఆయన తన వైపు ఒకసారి చూసి, రేకు మళ్ళీ జేబులోకి తోసేశారు. కోర్టులో ఎవరైనా సాక్షికి మాట అందిస్తే జడ్జిగారి కంటే ముందు తనే కళ్ళెర్రజేసేది. ఆ పిల్ల 'లేవు' అని రాసుకుంది. విన్నదే రాసుకుంది.

ఇది ఎవరికీ తెలియదు. తెలిసిన ఇద్దరిలో ఒకరు లేరు, రెండోది రోజుకు పాతిక మందిని ఊదించే మనిషి, తనను గుర్తుపట్టనుకూడా లేదు. వర్ధనమ్మ అరచేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. కింద ఆటోలు, పైన ఫ్యాను. ఊరికే కూర్చుంటే చాలు, బస్సు వెళ్ళిపోతుంది. ఫైలు ఉంటుంది. ఆయన ఉంటారు. ఇంకోటి కూడా మనసులోకి వచ్చింది, ఎవరితోనూ చెప్పలేనిది, చెబితే మతి చలించిందంటారు. ఈ సంచీలో ఉందని వస్తే, ఆ క్రిమి తనకు ఎక్కడిది? చిన్నతనంలోనే పుట్టింట్లో అంటుకుని ఉంటుందని డాక్టర్లు అంటారు, ఎక్కువమందికి అలాగేనట. కాని ఒక ఇంట్లో ఒకరి నుంచి ఒకరికి పోవచ్చునని కూడా అంటారు. నలభై ఎనిమిదేళ్ళ సగం గ్లాసుల కాఫీ. పెట్టెలో ఆయన చొక్కాల వాసన పోయింది, పొడుం డబ్బా ఎండిపోయింది, ఫోనులో ఆయన గొంతు దాచుకోవడం తనకు చేతకాలేదు. ఆయన దగ్గర నుంచి వచ్చినది, ఇంకా ప్రాణంతో ఉన్నది, ఈ లోకంలో ఏదైనా ఉందంటే అది తన కడుపులో అమ్మోనియా కప్పుకుని కూర్చున్న ఆ వంకర ప్రాణేమో. పద్నాలుగు రోజుల మందులతో దాన్ని చంపుతారు. ఆయన్ని చంపినదాని మీద ఈ మమకారమేమిటని తనను తను కసిరింది. కసిరినా అది కదలలేదు. మంట మళ్ళీ లేచింది, రొమ్ము కింద, ఎడమవైపు, అక్కడే.

మెట్ల మీద ఆయాసపు అడుగులు వినిపించి, ఒక ముసలావిడ లోపలికి వచ్చి, చీర చెంగుతో మెడ తుడుచుకుంటూ వర్ధనమ్మ పక్క కుర్చీలో కూలబడింది. కాళ్ళకు ఎర్రమట్టి, వేళ్ళకు జీడిపిక్కల నల్ల మచ్చలు. రోజారమణి పేరు అడిగితే దేవుడమ్మ అనీ, ఊరు మాకవరపాలెం అవతలనీ చెప్పింది. "బేగి కానియ్యమ్మా. పిక్కలేరే రోజులు, తోటొగ్గేసి వొచ్చినాను" అంది.

రోజారమణి ఫారం మీద కలం ఆనించింది. "మందులేమైనా వాడుతున్నారాండి?"

"మందా? సేన్లో కొట్టేదా?"

"కాదమ్మా, మీరు."

"ఓలమ్మ, నానెప్పుడూ ముట్నేదు. మా ముసిలోడే సందేలయితే సాలు, మందని ఎలిపోతాడు."

రోజారమణి నవ్వు ఆపుకుంది. "ఆ మందు కాదమ్మా. ఒంటికి వేసుకునే మందులు."

"ఏటీ నేవు."

కలం 'లేవు' అని రాయడానికి వంగింది. వర్ధనమ్మ చూస్తోంది. 'లే' పడింది. "ప్రశ్న అలా అడగకూడదు" అని ఎవరో అన్నారు. కోర్టు హాలులో అందరూ తల తిప్పి చూసే గొంతు, పదమూడేళ్ళుగా వాడని గొంతు, తనదే. రోజారమణి తలెత్తింది. "ఫారంలో అలాగే ఉందండి. నేను ఉన్నది చదువుతానంతే. మరెలాగడగాలండి?" వర్ధనమ్మ ముసలావిడ వైపు తిరిగింది. "ఏమమ్మా, పొద్దున్న లేవగానే నోట్లో ఏం వేసుకుంటావు?"

"పళ్ళపుల్ల."

"ఆ తరవాత?"

"గ్యాస్ బిళ్ళ. అదేసుకోపోతే గంజి కూడా దిగదు. అదేటి మందా?"

రోజారమణి కాగితం మీద రాసినది కొట్టేసి, నెమ్మదిగా, ఈ రోజు పరీక్ష కుదరదనీ, ఆ బిళ్ళ పద్నాలుగు రోజులు ఆపి మళ్ళీ రావాలనీ చెప్పింది. దేవుడమ్మ మొహం ఎర్రబడింది. వర్ధనమ్మ మీదికి తిరిగింది. "నీకేటి పనమ్మా మద్దిన? ఒక రోజు కూలి పోనాది. పద్నాలుగు రోజులు ఆ మంట ఎవులు పడతారు, నువ్వా?"

"నేను పడ్డాను. ఈ రోజుతో పద్నాలుగు. పలచటి మజ్జిగ తాగు, పచ్చిమిరప మానెయ్యి, తిన్న వెంటనే నడుం వాల్చకు. నాలుగో రోజు ఇంక నావల్ల కాదనిపిస్తుంది. డాక్టరుకు చెప్పు, తాత్కాలికంగా వేరే ఏదైనా ఇస్తారు. విరేచనం నల్లగా పోతే మాత్రం ఏ రోజూ ఆగకుండా ఆస్పత్రికి పరిగెత్తు."

ఆ చివరి మాటలో ఏదో ఉంది, దేవుడమ్మ కోపం కొంచెం తగ్గింది. వర్ధనమ్మ నుదురు కేసీ, మెడ కేసీ చూసింది. "మీ ఆయన కూడా ఏసుకునీవోడా అమ్మా, బిళ్ళ?"

"వేసుకునేవారు."

"ఏటైపోనాడు మరి?"

"లేరు. ఇక్కడే పరీక్ష చేశారు. బిళ్ళ ఆపకుండా."

"అయ్యో. అది మందు కాదని ఆయనకి ఎవులు సెప్పినారు?"

ముప్పై మూడేళ్ళలో ఏ ప్లీడరూ ఇంత సూటి ప్రశ్న వేయగా వర్ధనమ్మ వినలేదు. అటు తిప్పడానికీ ఇటు తిప్పడానికీ అందులో చోటు లేదు. "నేనే చెప్పాను" అంది. రోజారమణి వైపు తిరిగింది. "ఆయన జేబులోంచి తీసి చూపించబోయారు. నేను చెప్పనివ్వలేదు. నువ్వు అడిగావమ్మా. అడిగావు. నాకు ఇప్పుడు గుర్తొచ్చింది."

రోజారమణికి ఆ మాట తనకెందుకు చెబుతున్నారో అర్థం కాలేదు. వర్ధనమ్మ ముఖాన్ని చాలాసేపు చూసింది, ఏదో చీటీ మీద చిరునామా చదువుతున్నట్టు. "పోస్టుమాస్టరు గారాండి?" అంది చివరికి. "సంచీ ఇస్తే, ఇది మామూలు టపానా, రిజిస్టరు టపానా అని అడిగారు కదండీ. ఊదడం అయ్యాక, ఇంత తేలిగ్గా ఉంది, తపాలాబిళ్ళ అంటించక్కర్లేదులే అని, నాలిక చివర వేలు తడిపి సంచీ మీద స్టాంపు అద్దినట్టు అద్దేరండి. నాకు ఆ రోజంతా నవ్వే. మా ఇంట్లో కూడా చెప్పాను. ఆయన పోయేరని నాకు తెలీదండమ్మగారూ."

వర్ధనమ్మకు అది తెలియదు. తను అప్పుడు రసీదు కోసం మెట్లు దిగి వెళ్ళి ఉంటుంది. ఆయన బతికిన బతుకులో తను చూడని ఒక నిమిషం, తన రెండేళ్ళ ఫైలులో ఎక్కడా లేని నిమిషం, ఎవరి కుర్చీ ఊడగొట్టాలని తను సంతకం పెట్టిందో ఆ మనిషి దగ్గర చెక్కుచెదరకుండా ఉంది. వేలు తడిపిన తీరుతో సహా ఉంది. ఇలాంటివి ఈ ఊళ్ళో ఇంకెంతమంది దగ్గర ఉన్నాయో, తను తలుపు తట్టి నేరం చెప్పిన ప్రతి ఇంట్లోనూ, ఒక్కసారైనా ఆయన్ని గురించి వాళ్ళను చెప్పనిచ్చిందా. "ఇంకా ఏమన్నారు?" అని అడిగింది. "ఇంకేటి అన్నారు?" అని మళ్ళీ అడిగింది, కాన్వెంటు నోట ఎప్పుడూ రాని మాట వచ్చింది. రోజారమణి ఆలోచించింది. "ఇంకేం లేదండి. మీరు మెట్లు దిగుతుంటే మిమ్మల్ని చూపించి, ఆవిడే మా హెడ్డాఫీసు అన్నారు."

దేవుడమ్మ పకపకా నవ్వింది. నవ్వి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని, వెళ్ళొస్తానని కూడా చెప్పకుండా మెల్లగా మెట్లు దిగిపోయింది. పదీ ఇరవై అయింది. రోజారమణి రెండో సంచీ తెచ్చి గొట్టం చేతికిచ్చింది. వర్ధనమ్మ ఊదింది. మొదటిసారి ఊదినట్టు బిగబట్టి కాదు. లోపల ఉన్నదేదో ఉంటే ఉందనీ, పోవలసినదైతే పొమ్మనీ, మంట మీదుగా, కణిక మీదుగా, అడుగు నుంచీ ఊదింది. ఉబ్బిన సంచీని రోజారమణి తీసుకుంటుంటే, ఫారం ఒకటి అడిగి తీసుకుని, అచ్చులో ఉన్న ఆ ప్రశ్న కింద తన గుండ్రటి అక్షరాలతో రాసింది: పొద్దున్న లేవగానే, రాత్రి పడుకోబోయే ముందు, ఏమేమి వేసుకుంటారు? గ్యాస్ బిళ్ళ వేసుకుంటారా? చివరిసారి ఎప్పుడు వేసుకున్నారు? "ఎదురుగా ఉన్నవాళ్ళనే అడుగు. పక్కనున్నవాళ్ళు చెబితే రాసుకోకు" అంది.

మెట్ల మొదట్లో గోడకు ఆనుకుని ఫోను తీసింది. దత్తు రెండో రింగుకే ఎత్తాడు. బస్సు కాంప్లెక్సులో ఉన్నట్టున్నాడు, వెనకాల బస్సుల రొద. "పరీక్ష అయిందాండీ? నేను ముందే బస్టాండుకి వచ్చేశాను. పేజీలన్నీ మళ్ళీ సరిచూశాను, ఒక్క తప్పు లేదు."

"ఒకటుంది. నాలుగో పేరా కొట్టెయ్యి."

"అదేమిటండీ. అది కొట్టేస్తే కేసెక్కడుంది?"

"ఆ సాక్ష్యం అబద్ధం, దత్తూ."

"సాక్షి మీరే కదండీ."

"అందుకే చెబుతున్నాను."

అవతల బస్సుల చప్పుడులో కాగితాలు తిరగేస్తున్న సవ్వడి వినబడింది. దత్తు మంచి వకీలు, కోపం రానివ్వకుండా మాట్లాడాడు. "నాలుగు పోతే ఐదూ ఆరూ నిలబడవండి. తొమ్మిదిలో మనం అడిగిన న్యాయమూ పోతుంది. ఇంక మిగిలేది మొదటి పేజీ ఒక్కటే. అందులో ఉన్నది మూర్తిగారి పేరు, తండ్రి పేరు, వయసు, చిరునామా. అంతేనండీ."

"ఆ పేజీ చింపకు" అంది వర్ధనమ్మ. "అక్కడే ఉండు. నేను వచ్చి పట్టుకెళ్తాను."